మూసేసిన కీబోర్డు ఫిర్యాదును మళ్ళీ తెరవండి

తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ సెట్ సిగ్నల్ తెగిపోవడం, ‘లోపం లేదు’ అని రాసి మీవాళ్ళు ఫిర్యాదు మూసేయడం గురించి.

నమస్తే. ముందే చెప్పేస్తున్నాను, లోపం ఎక్కడుందో నేనే కనుక్కున్నాను. మళ్ళీ మొదటి నుంచి బ్యాటరీలు మార్చమనీ, సిస్టం ఆపి ఆన్ చేయమనీ చెప్పించకండి, అవన్నీ అయిపోయాయి. చివరిదాకా చదివి జవాబివ్వండి చాలు.

మాది చిన్న డీటీపీ సెంటర్. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళే మాకు గిరాకీ, దస్తావేజుల ముసాయిదాలు, అర్జీలు, అఫిడవిట్లు రోజంతా టైప్ చేస్తూనే ఉంటాం. మీ వెబ్‌సైట్‌లో కొన్న ఈ సెట్ కొన్నాళ్ళు బాగానే నడిచి, తర్వాత ఉన్నట్టుండి అక్షరాలు మింగేయడం మొదలుపెట్టింది. ఇంగ్లిషులో ఒక అక్షరం పోతే కంటికి ఆనుతుంది, సరిచేసుకుంటాం. మేం ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో టైప్ చేస్తాం, అందులో ఒత్తు రావాలంటే మధ్యలో పొల్లు మీట కొట్టాలి, అదొక్కటి పడకపోతే ‘చక్రవర్తి’ గారు ‘చకరవర్తి’ అయిపోతారు. అదీ నవ్వుకుని దిద్దుకోవచ్చు. కానీ సర్వే నంబరు 214/3 కొడితే తెర మీద 21/3 పడింది. ప్రింటు తీసే ముందు పార్టీవాళ్ళే చూశారు కాబట్టి సరిపోయింది, చూడకుండా సంతకాలు పెట్టేస్తే ఆ తగాదా ఎవరి మెడకు చుట్టుకునేదో మీరే ఆలోచించండి.

మీ కాల్ సెంటర్‌కి ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, పాత పాట. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేయమన్నారు, వేశాను. డివైజ్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, కరెంటు ఆదా కోసం ఆ పోర్టును ఆపేసే టిక్కు తీసేయమన్నారు, తీసేశాను. నిజానికి ఆ కారణమే అయితే కాసేపు సిస్టం వదిలేసి వచ్చాక కీబోర్డు లేవకపోవాలి, మాకు టైప్ చేస్తుండగానే తెగుతోంది, ఆ తేడా చెప్పినా అవతలి మనిషికి పట్టలేదు. ఆఖరికి విండోస్ ఫార్మాట్ చేయించమన్నారు. మెకానిక్‌ని పిలిపించి అదీ చేయించాను. ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ సెట్టింగులు అన్నీ మళ్ళీ ఎక్కించుకునేసరికి ఆ రోజు గిరాకీ పక్క షాపుకి పోయింది, కీబోర్డు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

కారణం ఇదీ. పాత ఫైళ్ళు దాచుకోవడానికి మేం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ వాడతాం. సీపీయూ వెనకాల రెండు నీలం పోర్టులు, అంటే యూఎస్‌బీ 3.0వి, పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాంట్లో హార్డ్ డిస్క్, రెండోదాంట్లో కీబోర్డు సిగ్నల్ అందుకునే, గోరంత ఉండే మీ రిసీవర్. డిస్క్ పీకేస్తే కీబోర్డు బంగారం. డిస్క్ పెట్టి ఫైళ్ళు కాపీ చేస్తుంటే మౌస్ బాణం గెంతులేస్తుంది, అక్షరాలు పోతాయి. అదే డిస్క్‌ని నల్ల పోర్టుకి మార్చితే, అంటే యూఎస్‌బీ 2.0కి, కాపీ నత్తనడక నడిచింది కానీ కీబోర్డుకి ఏ ఇబ్బందీ లేదు. తర్వాత డిస్క్‌ని తిరిగి నీలం పోర్టులోనే పెట్టి, రిసీవర్‌ని పాత ఎక్స్‌టెన్షన్ కేబుల్‌కి తగిలించి టేబుల్ మీదికి తెచ్చాను. సమస్య అక్కడితో పోయింది.

ఇదేమీ నేను కనిపెట్టిన వింత కాదు. యూఎస్‌బీ 3.0లో డేటా సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పోతున్నప్పుడు పోర్టు, కేబుల్, డిస్క్ దగ్గర రేడియో రొద పుడుతుంది, అది 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోకీ వస్తుంది. మీ రిసీవర్ వినేది సరిగ్గా అక్కడే. సంతలో మైకు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు ఉంటుంది దాని పరిస్థితి. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద పత్రం విడుదల చేసింది. కొన్ని కంపెనీలు డబ్బాలోనే చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి ఇస్తున్నాయి కూడా. మీరు ఇచ్చిన పుస్తకంలో మాత్రం ‘రిసీవర్‌ను ఏదైనా యూఎస్‌బీ పోర్టులో పెట్టండి’ అని ఉంది. ఏదైనా అట!

అన్నిటికంటే ఒళ్ళు మండించింది సర్వీస్ సెంటర్ కాగితం. కీబోర్డు తీసుకుని రాజమండ్రి దాకా వెళ్తే, ఏ డిస్కూ లేని ఖాళీ కంప్యూటర్‌కి పెట్టి, నోట్‌ప్యాడ్‌లో రెండు లైన్లు కొట్టి, ‘లోపం లేదు’ అని ముద్ర వేసి ఇచ్చారు. హార్డ్ డిస్క్ వెంట తెచ్చాను, అది పెట్టి చూడండి బాబూ అంటే, బయటి సామాను పెట్టకూడదన్నారు. ఇంటికొచ్చేలోపు ‘కస్టమర్ సంతృప్తి చెందారు, ఫిర్యాదు ముగిసింది’ అని మెసేజ్. నన్నెవరు అడిగారండీ?

నాకు కావలసినవి చెబుతాను. ఫిర్యాదు మళ్ళీ తెరిచి, నేను సంతృప్తి చెందానన్న ఆ మాట తీసేయండి. వారంటీ ఇంకా ఉంది కాబట్టి పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వండి, లేదంటే రేడియో రొదను అడ్డుకునే మంచి షీల్డింగ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ పంపి, మీ మాట విని చేయించిన ఫార్మాట్ ఖర్చు ఇవ్వండి. మెకానిక్ రసీదు, రెండు పోర్టుల ఫోటోలు, అక్షరాలు పోతుండగా తీసిన వీడియో ఈ మెయిల్‌కి జతచేశాను. ‘రిసీవర్‌ను నీలం పోర్టుకి, హార్డ్ డిస్క్‌కి దూరంగా పెట్టండి’ అన్న ఒక్క వాక్యం మీ పుస్తకంలో వేయించండి, కాల్ సెంటర్‌లో ఫార్మాట్ మాట ఎత్తేముందు ఆ ప్రశ్న అడిగించండి. దానికి మీకు పైసా ఖర్చు లేదు.

ఇదే ఉత్తరం మీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి కూడా పంపుతున్నాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అర్జీ టైప్ చేయడం ఎలాగూ మా పనే.

ఫోన్ చేసేటట్టయితే సాయంత్రం నాలుగు తర్వాత చేయండి, పగలంతా రిజిస్ట్రేషన్ల రద్దీలో ఎత్తడం కుదరదు.

ఇట్లు,
మీ కస్టమర్