పాలలోకి వచ్చే పొగ

తిరుపతి

ప్రియమైన మునిరత్నానికి,

నీ ఉత్తరం అందింది. చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు మీ దిక్కున పెడితే కంపూ పోతుంది, కరెంటూ వస్తుంది కదా అని రాశావు. అడిగినవాడు నాలుగు పాడి ఆవులున్న మనిషి కాబట్టి, సులువుగా ఔననలేకపోతున్నాను.

ఈ ఉదయం మా వీధికి చెత్తబండి వచ్చినప్పుడు నిలబడి చూశాను. ఒక క్యారీబ్యాగు ముడి విప్పితే సాంబారన్నం, మామిడి తొక్కలు, డైపరు, షాంపూ ప్యాకెట్లు కలగలిసి అడుగున నీళ్లు కారుతున్నాయి. పచ్చి కట్టెలు పొయ్యిలో పెట్టి, ఊదుగొట్టంతో ఊదలేక మీ అమ్మగారు కళ్లు ఎర్రగా చేసుకునేవారు, గుర్తుందా? ఈ చెత్త సంగతీ అంతే; వేడిలో చాలా భాగం తడి ఆర్చడానికే సరిపోతుంది. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో పెట్టిన ప్లాంటు చెత్త సరిగా మండకనే కొద్ది వారాల్లో మూతపడింది.

కరెంటు తగ్గితే తగ్గనీ, నా భయం పొగ గురించి. పొగ కనీసం 850 డిగ్రీల వేడిలో 2 సెకన్లయినా ఉండకపోతే, పీవీసీ వంటి ప్లాస్టిక్‌లోని క్లోరిన్ వల్ల డయాక్సిన్లనే విషపదార్థాలు మిగిలిపోతాయి. మంట బాగున్నా, పొగ నెమ్మదిగా చల్లారితే అవి మళ్లీ పుడతాయి. ఘనపు మీటరు పొగలో ఇవి 0.1 నానోగ్రాము దాటకూడదని 2016 నాటి మన నిబంధనలు చెప్పాయి. నానోగ్రామంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. దుమ్ము లెక్కను మీటరు నిరంతరం చూపిస్తుంది గానీ, డయాక్సిన్ల లెక్క మాత్రం ఎప్పుడో ఒకసారి నమూనా తీసి ల్యాబుకు పంపితేనే తెలుస్తుంది. పొగతో గడ్డి మీద పడిన డయాక్సిన్ ఆవు కొవ్వులో చేరి, పాల వెన్నలో దిగుతుంది, కాచినా పోదు. మనిషి ఒంట్లో చేరినది సగానికి తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది.

ఫిల్టర్లు ఉంటాయి కదా అంటావు. ఉంటాయి, మంచివైతే చాలావరకు పట్టేస్తాయి కూడా. అయితే పట్టిన సీసం, కాడ్మియం వంటి విష లోహాలు మాయమైపోవు, బూడిదలోనే ఉంటాయి. ఫిల్టరు ఎంత మంచిదైతే ఆ బూడిద అంత విషం. మా పక్క ఖాళీ స్థలంలో సాయంత్రం పూట ప్లాస్టిక్ తగలబెట్టే పెద్దమనుషుల పొగకు ఆ ఫిల్టరు కూడా లేదనుకో, అది వేరే సంగతి.

తడి చెత్తను వేరు చేసి, నీ పెరట్లోని గోబర్ గ్యాసు తొట్టి లాంటిదాంట్లో పులియబెట్టడమే నాకు నచ్చిన దారి. మన జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల తొక్కలకూ అదే తగినది.

మీ మండలంలో ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే కబురు చెయ్యి, నేనూ వస్తాను. బూడిద ఎక్కడ పోస్తారో, ఆ చోటుకు మీ బావి ఎంత దూరమో ముందే కనుక్కొని ఉంచు.

నీ
చంద్రశేఖర్