చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లు దిగుతున్నావు

చిట్టితల్లీ,

రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడ్చాక నాకు నిద్ర పట్టలేదు. మళ్లీ ఫోన్ చేస్తే ఇద్దరం ఏడుస్తాం, అందుకే రాస్తున్నాను.

మొన్న ఇంటికొచ్చినప్పుడు నువ్వు ఎడమవైపు అరచెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లు దిగడం చూశాను. అడిగితే ఏం లేదన్నావు. చివరికి అద్దం ముందు నిలబడి చూపించావు. రొమ్ముల్లో ఇంప్లాంట్లు, అదే ఆకారం కోసం లోపల పెట్టే మెత్తటి సంచులు, పెట్టించుకున్న ఆపరేషన్ అయిన కొత్తలో రొమ్ము కింది మడతలో దాక్కుని ఉన్న మచ్చ, ఇప్పుడు రెండు వేళ్ల మందం పైన కనబడుతోంది. కదిలింది మచ్చ కాదమ్మా. లోపలి ఇంప్లాంట్ మడత దాటి కిందికి జారింది. చనుమొన పైకి తిరిగినట్టు ఉండటానికి కారణం కూడా అదే.

బరువులెత్తడం వల్లేనేమో, పక్కకు తిరిగి పడుకోవడం వల్లేనేమో అని నిన్ను నువ్వు తిట్టుకోకు. ఇంప్లాంట్ కోసం లోపల చేసిన చోటు ఉండాల్సిన దానికన్నా కిందికి తెరుచుకున్నా, దాని బరువును నీ చర్మం ఆపలేకపోయినా ఇలా అవుతుంది. ఇంప్లాంట్ చుట్టూ ఒంట్లో ఒక పొర కడుతుంది, అది అందరికీ కట్టేదే. ఆ పొర పల్చగా ఉంటే సాగి జారనిస్తుంది, గట్టిపడితే పైకి నెట్టేస్తుంది. కొందరికి పడుకున్నప్పుడు ఇంప్లాంట్ చంక వైపు పోతుంది, కొందరికి మధ్యలో రెండు ఇంప్లాంట్లూ కలిసిపోతాయి. ఎటు జారిందో, ఎందుకు జారిందో తేల్చకుండా ఆపరేషన్ మాటెత్తే డాక్టర్ దగ్గర ఆగొద్దు.

మసాజ్ చేస్తే, బిగుతైన బ్రా వేసుకుంటే పైకి వెళ్తుందని ఎవరో చెప్పారన్నావు. మొదటి నెలల్లో ఇంప్లాంట్ సర్దుకోవడం మామూలే, అప్పుడు ఓపిక పట్టాలి. నీకు ఏడాది దాటింది. సాగిపోయిన పొర తనంతట తాను బిగుసుకోదు.

ఆపరేషన్ చేసి ఆ పొరను లోపల కుట్లతో బిగించి, మడతను మళ్లీ దాని చోటుకి తెస్తారు. పొర మరీ బలహీనంగా ఉంటే ఇంప్లాంట్‌కి కొత్త చోటు చేస్తారు, లేదా కింద ఊతంగా వల లాంటి ఒక మెష్ పెడతారు. ఇంకాస్త చిన్న ఇంప్లాంట్ మార్చుకోమని కూడా అనొచ్చు. అంటే వినమనే నేను చెబుతాను. అదే బరువు మళ్లీ ఆ కుట్ల మీదే వేలాడితే ఇంకోసారి జారే భయం ఉంటుంది కదా. అసలు తీసేయించుకుందామని నీకనిపిస్తే అదీ ఓడిపోవడం కాదు.

ఇది మొదటి ఆపరేషన్ కన్నా కష్టమైన పని. ఇలా సరిదిద్దే ఆపరేషన్లు ఎన్ని చేశారో, మళ్లీ జారితే ఏం చేస్తారో మొహమాటపడకుండా అడుగు. ఇంప్లాంట్ కార్డు, పాత ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లు. సైజు, రకం, కండ పైన పెట్టారా కింద పెట్టారా అన్నది వాటిలో ఉంటుంది. ఇంప్లాంట్ చిరిగిందేమో స్కాన్ చేయాలా అని కూడా అడుగు. సిలికాన్ ఇంప్లాంట్లకి ఏ ఇబ్బందీ లేకపోయినా మొదటిసారి 5–6 ఏళ్లకి, ఆ తర్వాత ప్రతి 2–3 ఏళ్లకి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ చేయించుకోవాలని అమెరికాలో మందులు, వైద్య పరికరాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. ఈసారి ఆ తేదీలు నేనూ రాసి పెట్టుకుంటాను.

ఇంకో మాట. మొదటిసారి నువ్వు ఇంప్లాంట్ల సంగతి చెప్పినప్పుడు నాలుగు రోజులు నీతో మాట్లాడలేదు. ఈ నొప్పిని ఇన్నాళ్లు నా దగ్గర దాచడానికి అదే కారణమని నాకు తెలుసు. అది నా తప్పే తల్లీ. నీ ఒళ్లు, నీ నిర్ణయం. నన్ను మాత్రం దూరం పెట్టకు.

డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు చేతులు పైకెత్తనివ్వరు. పై అరలో నీ బట్టలన్నీ కింది అరలోకి దించేశాను. తల దువ్వి జడ నేనే వేస్తాను.

అమ్మ