వ్యాయామశాల సంఘం వార్షిక నివేదిక: రాడ్డు విప్పి చూసిన ఏడాది

సభ్యులకు, కోచ్ మాస్టారికి, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

ఏటా ఈ నివేదిక పోటీలతో మొదలయ్యేది. ఈసారి వెయిట్ లిఫ్టింగ్‌లో ప్లేట్లు తగిలించి ఎత్తే రాడ్డుతో మొదలుపెడుతున్నాను. కొత్త రాడ్డు కొనాలని పోయిన సభలో తీర్మానించాం. కొనలేదు. ఎందుకు కొనలేదో చెప్పాలి.

ఆషాఢంలో ఒక సాయంత్రం 'క్లీన్' అనే లిఫ్టు (నేల మీది బరువును భుజాల దాకా లేపడం) చేస్తున్న అమ్మాయి బరువు దించేసి, "మణికట్టు పట్టేస్తంది మాస్టారూ" అంది. టెక్నిక్ తప్పనుకుని మూడు రోజులు సరిదిద్దారు. తీరా చూస్తే కుడివైపు స్లీవ్ తిరగడం లేదు. ప్లేట్లు ఎక్కించే ఆ లావు గొట్టమే స్లీవ్. అది రాడ్డుకు అతుక్కుని ఉండదు, లోపల బుష్ గానీ బేరింగులు గానీ ఉండి విడిగా తిరుగుతుంది. క్లీన్‌లో మోచేతులు గిర్రున ముందుకు వచ్చేటప్పుడు చేతిలోని రాడ్డు వాటితో పాటు తిరగాలి, చివర ప్లేట్లు మాత్రం తిరగకూడదు. స్లీవ్ పట్టేస్తే ఆ మెలి అంతా మణికట్టు మీద పడుతుంది.

పట్టేయడానికి కారణం నేనే. కీచుమంటోందని అంతకు ముందు ఏడాది స్లీవ్ సందులోకి వేలితో గ్రీజు కూరాను. నాకు తెలిసిన వైద్యం సైకిలుకు చేసేదే మరి. చేతులకు రాసుకునే చాక్ పొడి ఆ గ్రీజులో కలిసి ముద్దయిపోయింది.

మన ఊరి బైకు మెకానిక్ (కూలి తీసుకోలేదు, ఈ సభ తరఫున ధన్యవాదాలు) సర్‌క్లిప్ ప్లయర్‌తో వచ్చాడు. స్లీవ్ చివర గుంటలో కూర్చున్న స్ప్రింగు రింగే సర్‌క్లిప్. తీసేటప్పుడు తుపాకీ గుండులా ఎగురుతుంది. మొదటిది అలాగే ఎగిరి వెయిట్ ప్లేట్ల వెనక పడింది, అరగంట వెతికాం. రెండోదానికి గుడ్డ అడ్డం పెట్టాం. ఊడదీసిన వాషర్లు, సూదుల్లాంటి సన్న రోలర్లున్న బేరింగులు, ఎడమవైపువి ఒక కంచంలో, కుడివైపువి ఇంకో కంచంలో వరసగా పెట్టి ఫోన్లో ఫొటో తీశాం. ఆ ఫొటోయే లేకపోతే తిరిగి బిగించగలిగేవాళ్లం కాదు. డీజిల్లో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఈసారి గ్రీజు జోలికి పోకుండా పలచటి మిషను నూనె కొద్ది చుక్కలే వేశాం. వేలితో తిప్పి వదిలితే స్లీవ్ చప్పుడు లేకుండా తిరిగి తనంతట తనే ఆగింది. మాస్టారు ఆ రోజు దాన్ని ఎన్నిసార్లు తిప్పారో.

తుప్పు సంగతి వేరు. పట్టు కోసం రాడ్డు మీద చెక్కిన గరుకు గీతల్లో, అంటే నర్లింగ్‌లో, చాక్ చేరుతుంది. అది గాలిలో తేమను పట్టి ఉంచుతుంది. తూర్పు గాలి వీచే మన ప్రాంతంలో, పైగా కారే రేకుల కింద, ఇక చెప్పేదేముంది! ఒక కుర్రాడు మంచి ఉద్దేశంతోనే ఉప్పుకాగితం పెట్టి రుద్దేశాడు. తుప్పుతో పాటు పైపూతా పోయింది. ఇకపై నైలాన్ బ్రష్షు, పొడిగుడ్డ, ఆ తర్వాత నూనె అద్దిన గుడ్డ. అంతే.

ఇంకో రాడ్డు మాత్రం దక్కలేదు. సిరిమానోత్సవం సెలవులకు వెళ్తూ ఎవరో ప్లేట్లు దించకుండా స్టాండు మీదే వదిలేశారు. అసలే నాసిరకం సరుకు. ఇప్పుడు స్టాండు మీద తిప్పితే చివర గుండ్రాలు చుడుతోంది, అంటే వంగింది. దాన్ని తలపైకి ఎత్తే లిఫ్టులకు వాడవద్దు.

పనిలో పనిగా రాడ్లన్నీ బియ్యం కొట్టు కాటా మీద తూచాం. పోటీల్లో మగవారి రాడ్డు 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం, ఆడవారిది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. ప్లేట్లు జారకుండా రెండు చివర్లా బిగించే కాలర్లు ఒక్కొక్కటి రెండున్నర కిలోలు. మన పిల్లలు ప్లేట్లు మాత్రమే లెక్కపెట్టి "అరవై లేపాను" అంటున్నారు. పక్క జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాలకు, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చినప్పుడు రాడ్డూ కాలర్లూ అందులో లెక్కే. ఆడపిల్లలు ఇంకా మగవారి రాడ్డుతోనే సాధన చేస్తున్నారు, చిన్న చేతులకు ఆ మందం పట్టు చిక్కదు. అందుకే కొత్త రాడ్డు డబ్బును 15 కిలోల రాడ్డుకు మళ్లించాలని కమిటీ ప్రతిపాదన. ఈ సభ ఆమోదించాలి.

వేసవి శిబిరం జరిగింది. రేకులు సగం మార్చాం, సగం మిగిలాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు.

చివరిగా, బ్రష్షులు మూడు కొన్నాం. మేకుకు ఒక్కటే వేలాడుతోంది. మిగతా రెండూ ఎవరింట్లో బట్టలు ఉతుకుతున్నాయో గానీ, సోమవారం లోపు తెచ్చి తగిలించగలరు.

ఇట్లు,
కార్యదర్శి