ఆ వంటలు మధ్యాహ్నం పన్నెండున్నరకి తిని చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

జూన్ నెల రాగానే మీ ఆదివారం పుస్తకంలో లంచ్ బాక్స్ వంటలు వేస్తారు. ఆ ఫొటోలు చూస్తే నాకే నోరూరుతుంది. కాకపోతే అవన్నీ పొయ్యి మీంచి దించగానే తీసిన ఫొటోలు. పిల్లలు తినేది మధ్యాహ్నం పన్నెండున్నరకి. ఈలోపు బాక్సులో ఏం జరుగుతుందో వంటల పేజీ రాసేవాళ్ల కంటే నాకే బాగా తెలుసనిపించి రాస్తున్నాను. కాకినాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆయాగా చేస్తున్నాను. ఒకటి, రెండు తరగతుల పిల్లలు నా ఎదురుగానే తింటారు.

బెల్లు కొట్టగానే మొదట వినపడేది "ఆయమ్మా, మూత రావట్లేదు" అన్న మాటే. పొగలు కక్కే అన్నం పెట్టి స్టీలు బాక్సు బిగించేస్తారు. అది చల్లారేసరికి మూత లోపలికి పట్టేస్తుంది. ఒక్కోసారి నేనే స్పూను కాడతో లేపాల్సి వస్తుంది, ఇక ఆరేళ్ల పిల్ల వల్ల ఏమవుతుంది? పైగా ఆవిరంతా నీరై మళ్లీ అన్నం మీదే కారుతుంది. బెండకాయ వేపుడు మెత్తబడిపోతుంది, అట్టు తడిసి రబ్బరులా సాగుతుంది. కాస్త ఆవిరి పోయాక మూత పెడితే సగం బాధ తీరుతుంది. పొద్దున్నే అమ్మలకి అంత తీరిక ఉండదని తెలుసు, ఆటో అతను వీధి చివర నుంచే హారన్ కొడతాడు. అందుకే అన్నం ముందు పళ్లెంలో పరిచేసి, తర్వాత జడ వేయండి.

మా దగ్గర భోజనానికి ఇచ్చేది ఇరవై నిమిషాలు. చేతులు కడిగించి, మూతలు తీసి, వాటర్ బాటిళ్లు ఎవరివి వాళ్లకిచ్చి కూర్చోబెట్టేసరికి అందులో సగం అయిపోతుంది. మిగిలిన టైములో పప్పు కలుపుకుని, కూర నంజుకుని తినమంటే ఎలాగండీ? పప్పు ఒక గిన్నెలో, అన్నం ఒక గిన్నెలో పెట్టిన క్యారేజీలు సగానికి సగం అలాగే తిరిగి వెళతాయి. అదే పప్పన్నం ఇంట్లోనే నెయ్యి వేసి మెత్తగా కలిపి పెడితే గిన్నె ఖాళీ. ఇది తెలియక సాయంత్రం "ఎందుకు తినలేదే?" అని పిల్ల వీపు మీద ఒకటి వేస్తారు. నన్నడిగితే ఆ దెబ్బ టైం టేబుల్ వేసినవాళ్లకి పడాలి.

పులిహోర ఎప్పుడూ మిగలదు. అయితే అందులో ఎండుమిరపకాయలు, పచ్చిమిరప ముక్కలు ఇంట్లోనే ఏరేయండి. అవి ఏరుకోవడంతోనే బెల్లు కొట్టేస్తారు. పెరుగన్నం మా కాకినాడ ఉక్కకి మధ్యాహ్నానికల్లా పులిసిపోతుంది. తెలిసిన అమ్మలు అన్నం బాగా మెదిపి, గోరువెచ్చటి పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి పంపుతారు. అది బాక్సులోనే తోడుకుని తినే వేళకి కమ్మగా ఉంటుంది. చిన్న ఇడ్లీలకి నెయ్యి, కారప్పొడి రాసి పెడితే చట్నీ అక్కర్లేదు. చట్నీ డబ్బా మూత ఊడి తెలుగు వాచకం తడిసిపోతే ఆరబెట్టేది కూడా నేనే మరి. ఉప్మా సంగతి అడగకండి, బోర్లిస్తే బాక్సు ఆకారంలోనే వచ్చి పడుతుంది. నూడుల్స్ కూడా ముద్ద కట్టేస్తాయి గానీ, అబద్ధం ఎందుకు, అవి మాత్రం తినేస్తారు.

పదిన్నర ఇంటర్వెల్లో సగం మంది చేతుల్లో చిప్స్ ప్యాకెట్లే. ఉప్పు, కొవ్వు, పంచదార ఎక్కువున్నవి స్కూలు గేటుకి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లోనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. మా గేటు ఎదురు బడ్డీకొట్టులో తోరణాల్లా వేలాడేవి అవే. బుల్లి డబ్బాలో జామకాయ ముక్కలో, ఉప్పేసి ఉడికించిన వేరుశెనగ కాయలో పెట్టిన పిల్లలు కూడా ఉంటారు. కాయలు ఒలుచుకోవడమే వాళ్లకో ఆట, పక్కవాళ్లూ చేతులు చాపుతారు. కాజా మా ఊరికి ఎంత పేరు తెచ్చినా బ్యాగులోకి మాత్రం వద్దండి. పాకం పుస్తకాలకి, చీమలు బెంచీకి.

ఇంకో సంగతి. ఉడికించిన గుడ్డు తెచ్చిన పిల్లని "వాసనొస్తోంది, అటు వెళ్లు" అంటారు తోటి పిల్లలు. మర్నాటి నుంచి ఆ పిల్ల గుడ్డు వద్దని ఇంట్లో ఏడుస్తుంది. వాళ్లమ్మకి కారణం తెలియదు. మా మనవడు గవర్నమెంటు బడిలో చదువుతున్నాడు. అక్కడ డొక్కా సీతమ్మ గారి పేరు మీద పెట్టే మధ్యాహ్న భోజనంలో అన్నం వేడిగా ఉంటుంది, గుడ్డు కూడా వేస్తారు. అందరి పళ్లెంలోనూ అదే ఉంటుంది కాబట్టి ఎవరూ ఎవరినీ ముక్కు మూసుకుని చూడరు. వేలకు వేలు ఫీజులు కట్టించుకునే చోట మాత్రం పిల్లలు చల్లారిన అన్నం హడావిడిగా మింగుతున్నారు.

ప్రైవేటు స్కూళ్లవాళ్లు భోజనానికి కనీసం ముప్పావుగంట ఇవ్వాలని మీ పేపర్లో గట్టిగా రాయండి. మీరు వేసే లంచ్ బాక్స్ వంటని కూడా పొద్దున ఏడున్నరకి బాక్సులో పెట్టి, మధ్యాహ్నం పన్నెండున్నరకి మూత తీసి, తిన్నాకే అచ్చు వేయండి. వీలైతే మూత తీసే పని ఇంట్లో చిన్నపిల్లకి అప్పజెప్పండి.

నా పేరు, స్కూలు పేరు మాత్రం వేయొద్దు. మా ఆఫీసు రూములోకి వచ్చేది మీ పేపరే.

— ఒక ఆయా, కాకినాడ