బ్యాంకు బోర్డులో ఉద్యోగి కుర్చీ ఎందుకు ఖాళీ?

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో బాసులు లేకుండా పనివాళ్లే నడుపుకునే ఆఫీసుల గురించి వేసిన పేజీ చదివాను. స్పెయిన్‌లో పనివాళ్లే ఓనర్లుగా ఉన్న మాండ్రగాన్ సంస్థ, అమెరికాలో ఏదో టమాటా కంపెనీ, అంతా బాగానే ఉంది గానీ పేజీ మొత్తం వెతికినా మన దేశం ముచ్చట ఒక్క ముక్క లేదు. పోనీలే అని ఊరుకుందామనుకున్నా, ఉండబట్టక రాస్తున్నా.

ఇండియన్ కాఫీ హౌస్ ఎవరు నడుపుతున్నారండీ? అప్పట్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేసి వర్కర్లని రోడ్డున పడేస్తే, కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ గారు వెనకుండి వాళ్ల చేతే సహకార సొసైటీలు పెట్టించారు, 1957లో బెంగళూరు, ఢిల్లీ, మరుసటేడు త్రిస్సూర్. తలపాగా పెట్టుకుని మనకి కాఫీ తెచ్చిచ్చే మనిషే అక్కడ సొసైటీ మెంబరు. కేరళలోనే వడకర దగ్గర కూలీలు 1925లో పెట్టుకున్న ఉరాళుంగల్ సొసైటీ నేషనల్ హైవే వేసే దాకా ఎదిగింది, డైరెక్టర్లని ఎన్నుకునేది పనివాళ్లే.

మరి మన దగ్గర? ఆంధ్రాలో రైతులకి అప్పులిచ్చే సహకార పరపతి సంఘాలకి 2013లో ఎలక్షన్లు పెట్టారు, ఆ తర్వాత గవర్నమెంట్లు తమ వాళ్లతో త్రీమెన్ కమిటీలు వేసుకుంటూ పోయాయి. రైతు డబ్బు, రైతు సంఘం, పెత్తనం మాత్రం ఎమ్మెల్యే గారి మనుషులది.

నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి నా కడుపుమంట ఇంకోటుంది. జాతీయం చేసిన బ్యాంకుల చట్టంలోనే ఉంది, ప్రతి బ్యాంకు బోర్డులో గుమాస్తాల తరఫున ఒకరు, ఆఫీసర్ల తరఫున ఒకరు డైరెక్టరుగా ఉండాలని. 1976లో రాజ్యాంగంలో 43ఎ కూడా చేర్చారు, పనివాళ్లకి మేనేజ్‌మెంట్‌లో చోటివ్వాలని. అయినా బ్యాంకు బోర్డుల్లో ఆ కుర్చీలు చాలా చోట్ల ఏళ్ల తరబడి ఖాళీగా పెట్టారు. యూనియన్లు అడుగుతూనే ఉన్నాయి, ఢిల్లీలో ఫైలు కదలదు.

దీనివల్ల ఏమవుతుందో బ్రాంచిలో కూర్చుంటే తెలుస్తుంది. పంట లోన్ల రెన్యువల్ సీజన్, రైతులు గేటు దాకా నిలబడి ఉంటారు, పైనుంచి ఫోను, ఇవాళ ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని చేయించారు, గంటకోసారి వాట్సాప్‌లో ఫిగర్ పెట్టండి అని. పాస్‌బుక్కు సంచిలో పెట్టుకుని పొద్దున్నుంచీ నిలబడ్డ పెద్దాయన్ని పట్టుకుని, అవసరం లేని పాలసీ మీద సంతకం పెట్టించాలి. ఇది తప్పని కౌంటర్లో అమ్మాయికి తెలుసు, మేనేజరుకీ తెలుసు, కానీ సాయంత్రం వీడియో కాన్ఫరెన్సులో అందరి ముందూ తిట్లు తినాలి గనక నోరెత్తరు. టార్గెట్లు వేసే ఆ బోర్డు గదిలో ఒక్క కౌంటర్ మనిషి ఉండి, అయ్యా ఇది జరిగే పని కాదు అని చెబితే వినక చస్తారా? అందుకే కదా ఆ కుర్చీ పెట్టింది!

మన ఎంపీల్లో ఎవరైనా పార్లమెంటులో ఈ మాట గట్టిగా పట్టుకుని అడిగితే బాగుండు. మీరూ ఒక పని చెయ్యండి, ప్రభుత్వ బ్యాంకుల వెబ్‌సైట్లలో డైరెక్టర్ల లిస్టు ఉంటుంది, ఏ బ్యాంకులో ఉద్యోగుల డైరెక్టరు ఉన్నారో, ఎక్కడ లేరో మీ రిపోర్టర్ చేత చూయించి, ఆ ఆదివారం పేజీలోనే అంత పెద్దగా వేయండి.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తెనాలి