త్రిభుజాల ప్రశ్నలకు రెండేసి జవాబులు

ఆరు, ఏడు తరగతుల పిల్లల కోసం మార్కెట్లోకి వస్తున్న అభ్యాస పుస్తకాల్లోనూ, ప్రవేశ పరీక్షల నమూనా పత్రాల్లోనూ త్రిభుజాల వర్గీకరణపై ఇస్తున్న బహుళైచ్ఛిక ప్రశ్నలు చాలావరకు లోపభూయిష్టంగా ఉంటున్నాయి. భుజాలను బట్టి సమబాహు, సమద్విబాహు, విషమబాహు త్రిభుజాలనీ, కోణాలను బట్టి అల్పకోణ, లంబకోణ, అధికకోణ త్రిభుజాలనీ చేసే విభజనలు రెండు వేర్వేరు ప్రాతిపదికలు కాగా, ఆ పేర్లన్నిటినీ కలగలిపి ఐచ్ఛికాలుగా పెట్టి, 45, 45, 90 డిగ్రీల కోణాలున్న త్రిభుజం ఏ రకమని అడిగితే, సమద్విబాహు అన్నవారికీ లంబకోణ అన్నవారికీ మార్కు ఇవ్వక తప్పదు; జవాబుల కీలో మాత్రం ఒక్కటే ఉంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు నిర్వచనంలో ఉంది. సమద్విబాహు త్రిభుజంలో సరిగ్గా రెండు భుజాలే సమానంగా ఉండాలని ఒక పుస్తకం, కనీసం రెండు ఉంటే చాలునని మరో పుస్తకం చెబుతున్నందువల్ల, సమబాహు త్రిభుజం కూడా సమద్విబాహు త్రిభుజమేనా అన్న తప్పొప్పుల ప్రశ్నకు పుస్తకానికో జవాబు వస్తోంది. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ మొదటి పద్ధతినే అనుసరించినా, సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానమన్న సిద్ధాంతం సమబాహు త్రిభుజానికీ నేరుగా వర్తించాలంటే రెండోదే మేలు. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఒకే నిర్వచనాన్ని స్పష్టంగా ప్రకటించి, భుజాలు నిలువుగా, కోణాలు అడ్డంగా ఉండే తొమ్మిది గళ్ల పట్టికతో ఈ పాఠం చెప్పించాలి. సమబాహు వరుసలో లంబకోణ, అధికకోణ గళ్లు ఎందుకు ఖాళీగా మిగులుతాయో పిల్లలచేతే చెప్పించాలి.

– ఒక గణిత ఉపాధ్యాయుడు