తెల్ల గుడ్డపీలికల గురించి మంత్రి గారికి

గౌరవనీయులైన అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం ఒక ప్రకృతి ఉద్యానవనంలో పనిచేస్తున్న పాతిక మందిలో నేనొకరిని. కలుపు తీస్తాం, మొక్కలకు పాదులు చేస్తాం, కాలిబాట మీద విరిగిపడిన కొమ్మలు తొలగిస్తాం, పిల్లలు వస్తే చెట్ల పేర్లు చెబుతాం, పక్షుల్ని లెక్కపెట్టి రాసుకుంటాం. మాకు జీతం లేదు, అది అడగడానికి ఈ ఉత్తరం రాయడమూ లేదు. ఇది కొన్ని గుడ్డపీలికల గురించి.

మా పార్కులో వాగు పక్కన ఒక పొద ఉండేది. నాలుగేళ్ల కిందట అందులో లాంటానా అనే కలుపు తప్ప మరో మొక్క బతికే వీలు లేకుండా ఉండేది. లాంటానాను పైపైన నరికితే ప్రయోజనం లేదు, కొద్ది వారాల్లో రెట్టింపు చిగుళ్లు వేస్తుంది. మొదలు చుట్టూ మట్టి తీసి, నేలమట్టానికి దిగువన వేరును తెంపి, పెకలించిన మోడును తలకిందులుగా పెట్టాలి. లేకపోతే పడిన చోటే మళ్లీ పాతుకుంటుంది. అంత చేసినా పని అయిపోయినట్టు కాదు. ఆ పండ్లు తిన్న పిట్టలు ఎక్కడ వాలితే అక్కడ కొత్త మొలకలు వస్తూనే ఉంటాయి. వాన పడి నేల మెత్తబడిన ప్రతిసారీ వెళ్లి, వేలెడంత ఉండగానే వాటిని చేత్తో లాగెయ్యాలి. నాలుగు వానాకాలాలు మేము చేసింది ఇదే.

మూడో ఏడాది వర్షాల తర్వాత, లాంటానా పోయిన నీడలో, ఎవరూ నాటని మొలకలు కనిపించాయి. నేరేడు, కానుగ, ఇంకా మాకు పేర్లు తెలియనివి కొన్ని. ఆ రోజు మా సంతోషం ఎలాంటిదో మాటల్లో చెప్పలేను. నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్క బతికితే సంతృప్తిగా ఉంటుంది. నేల తనంతట తాను మొలిపించిన మొక్కను చూస్తే ఆ చోటికి మళ్లీ ప్రాణం వచ్చిందనిపిస్తుంది.

మా అందరిలోకీ పెద్దవారు ఒక రిటైరైన ఉపాధ్యాయుడు. మేమంతా మాస్టారనే పిలుస్తాం. ఆయన ఇంట్లో పాత పంచె ఒకటి చించి, జానెడు జానెడు పీలికలు చేసి తెచ్చారు. ఒక్కో మొలక పక్కన చిన్న పుల్ల గుచ్చి, దానికి పీలిక కట్టారు, గడ్డి కోసేటప్పుడు పొరపాటున తెగిపోకుండా. వంగితే నడుము పట్టేస్తుందని నేల మీద కూర్చునే జరుగుతూ కట్టారు. మొత్తం 143 పీలికలు.

ఒక మంగళవారం సుందరీకరణ పనుల కోసం యంత్రం వచ్చింది. రెండు గంటల్లో ఆ పొద ఉన్న చోటు చదునైపోయింది. మాకు ఆదివారం దాకా తెలియదు. మేము వెళ్లేసరికి ఎర్రమట్టి, దాని మీద చక్రాల అచ్చులు, అక్కడక్కడ మట్టిలోంచి తేలిన తెల్ల పీలికలు. మాస్టారు ఒక్క మాటా అనకుండా దొరికిన పీలికలన్నీ ఏరి, మట్టి దులిపి, జేబులో పెట్టుకున్నారు.

యంత్రం నడిపిన అబ్బాయి ఆ తర్వాత వారం కనిపించాడు. అతని మీద మాకు కోపం లేదు. "ఆ గుడ్డలు ఎందుకో నాకు తెలియదండీ. ముందే ఎవరైనా చెప్పి ఉంటే పక్కనుంచి తిప్పేవాణ్ణి" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. పని అప్పగించినవారికి చెడ్డ ఉద్దేశం ఉందని కూడా నేను అనుకోను. కాగితం మీద ఆ చోటు ఖాళీ స్థలం. అక్కడ ఏమున్నదో తెలిసిన పాతిక మందిని ఆ కాగితం రాసే ముందు ఒక్క మాట అడగాలన్న నియమం ఎక్కడా లేదు. మంత్రి గారూ, మీ ముందు పెడుతున్న ప్రధానమైన విన్నపం ఇదే: ఆ నియమం చేయండి.

ప్రతి ప్రకృతి ఉద్యానవనానికీ ఒక పటం ఉండాలి. ఎక్కడ సహజంగా మొలకలు వస్తున్నాయి, ఏ ఎండు మోడు తొర్రలో గుడ్లగూబ కాపురం ఉంది, ఏ గట్టున ఏ నెలలో తాబేళ్లు, ఉడుములు గుడ్లు పెడతాయి, ఇవన్నీ అందులో గుర్తించాలి. యంత్రం లోపలికి వచ్చే ముందు పని చేయించేవారు ఆ పటం చూసి, అక్కడి స్వచ్ఛంద బృందంతో కలిసి ఒకసారి నడిచి, ఇరువురూ సంతకం చేయాలి. దీనికి పట్టేది ఒక పూట. నాలుగేళ్ల పనిని కాపాడటానికి ఒక పూట ఎక్కువ కాదు.

స్వచ్ఛంద కార్యకర్తల మాటకు అంత విలువ ఎందుకు ఇవ్వాలని మీ అధికారులు అడగవచ్చు. 1960లలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కాచెల్లెళ్లు రోజూ నడిచే అడవిలో ఒక సంగతి గమనించారు. మొత్తం నరికి శుభ్రం చేసిన చోటల్లా కలుపు మునుపటికన్నా ఏపుగా వస్తోంది. వారు చిన్న చిన్న పనిముట్లతో, స్థానిక మొక్కలు బాగున్న చోట మొదలుపెట్టి, కలుపు ఉన్న వైపు నెమ్మదిగా జరుగుతూ పోయారు. మట్టిని వీలైనంత తక్కువ కదిలించారు. స్థానిక మొక్కలు ఎంత వేగంగా కోలుకుంటే అంత వేగంగానే ముందుకు వెళ్లారు. వారి పేరుతోనే ఆ పద్ధతి స్థిరపడింది. ఏ పదవీ లేని ఇద్దరు స్త్రీలు నేలను రోజూ చూడటం వల్ల తెలుసుకున్న విషయం అది.

పక్షుల లెక్కల సంగతీ అంతే. 1900 డిసెంబరు 25న, పండుగ పూట పిట్టల్ని వేటాడే అలవాటుకు బదులుగా వాటిని లెక్కపెడదామని పక్షి శాస్త్రవేత్త ఫ్రాంక్ చాప్‌మన్ ఉత్తర అమెరికాలో పిలుపునిచ్చారు. మొదటి ఏడు వచ్చినవారు 27 మంది. ఆ లెక్క నేటికీ ఏటా సాగుతోంది, శాస్త్రవేత్తలు దాన్ని వాడుకుంటున్నారు. మా దగ్గరా పదకొండేళ్ల నోటుపుస్తకాలున్నాయి. వానకు తడిసి ఉబ్బినవి, అంచులు చిరిగినవి. ఏ ఏడాది ఏ వలస పిట్ట ఏ వారంలో వచ్చిందో వాటిలో ఉంది. వాటిని తీసుకుని భద్రపరిచే చోటు మీ శాఖలో ఒకటి ఏర్పాటు చేస్తే మేము ఆనందంగా ఇస్తాం.

ఇంకొక విషయం మా భద్రత. వయ్యారిభామ అనే కలుపు మొక్కను పీకి చేతులంతా దద్దుర్లు వచ్చినవారు మాలో ఇద్దరున్నారు. కిందటేడు ఒకరి కాలు జారి మణికట్టు విరిగింది. ఆమె వైద్యం ఖర్చు ఆమే పెట్టుకుంది, మళ్లీ కట్టు విప్పిన వారానికే వచ్చింది. అమెరికాలో జాతీయ పార్కుల స్వచ్ఛంద కార్యకర్తల కోసం 1970లోనే చట్టం వచ్చింది. పనిలో గాయపడితే పరిహారం విషయంలో వారిని ప్రభుత్వ ఉద్యోగుల్లాగే చూడాలని అందులో ఉంది. మాకూ అలాంటి రక్షణ ఒకటి కల్పించండి. మంచి చేతి తొడుగులు, ప్రథమ చికిత్స పెట్టె సరేసరి.

ఒక భయం కూడా చెప్పాలి. ఉచితంగా చేసేవాళ్లున్నారు కదా అని తోటమాలుల, కాపలాదారుల ఉద్యోగాలు తగ్గించవద్దు. మేము వారంలో ఒక రోజు వస్తాం. మిగతా ఆరు రోజులు మొక్కకు నీరు పోసేది వారే, రాత్రి మంట అంటుకుంటే ముందు పరుగెత్తేదీ వారే. మా పేరు చెప్పి వారిలో ఒక్కరి పొట్ట కొట్టినా ఆ పాపంలో మేము భాగం పంచుకోలేం. మేము వారికి తోడుగా ఉండదలచుకున్నవాళ్లం.

జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి ఎంతోమంది వచ్చి మొక్కలు నాటుతారు. రావాలి, అందులో తప్పు లేదు. అయితే ఆ మొక్క మరుసటి వేసవి దాటడం నాటిన చేతి మీద ఆధారపడదు. నాటడానికి ఒక్క రోజు చాలు, నిలబెట్టడానికి మూడేళ్లు పడుతుంది. శాఖ నివేదికల్లో ఎన్ని నాటారన్న గడి పక్కన మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయన్న గడి కూడా పెట్టించండి. ఆ రెండో గడి నింపడానికి కావలసిన లెక్క మేము తెచ్చి ఇస్తాం.

వానలు మొదలయ్యాయి. చదును చేసిన చోట అప్పుడే వయ్యారిభామ వచ్చింది, పూత పట్టకముందే తీసెయ్యాలి. పూసిందంటే ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, అవి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. అందుకే వచ్చే ఆదివారం అందరం అక్కడికే వెళ్తున్నాం. వాగు వైపు అంచున, చక్రాలు పోని చోట, మూడు నేరేడు మొలకలు మిగిలాయి. మాస్టారు ఏరి దాచిన పీలికల్ని ఉతికి తెస్తానన్నారు.

మీకు వీలైతే రండి. సభ, వేదిక ఏమీ ఉండవు. ఉదయం ఆరున్నరకు మొదలుపెడతాం, ఎండ ముదిరేలోపు ముగిస్తాం. చేతి తొడుగులు ఒక జత మీ కోసం విడిగా ఉంచుతాను.

ఇట్లు,
ఉద్యానవన స్వచ్ఛంద కార్యకర్తల తరఫున
ఒక కార్యకర్త